తక్కువ ధర డెస్క్‌టాప్ కంప్యూటర్ మూల్యాంకనం : ఇల్లు, చిన్న కార్యాలయం

భాగం - 6

విషయక్రమం

6.0 లక్ష్యాలు
6.1 ఉపోద్ఘాతం
6.2 అవసరాల నిర్ధారణ
6.3 భాగాల పరిశీలన
 6.3.1 ప్రాసెసర్
 6.3.2 మెమరీ
 6.3.3 నిల్వ సాధనం
 6.3.4 మానిటర్
 6.3.5 విద్యుత్ సరఫరా, యూపీఎస్, ఎర్త్
6.4 సాఫ్ట్‌వేర్ మద్దతు గడువు
6.5 ఏడాది ఖర్చు లెక్క
6.6 భారిత స్కోరు పద్ధతి
6.7 దుకాణంలో చేయవలసిన పరీక్షలు
6.8 సారాంశం
6.9 కీలక పదాలు
6.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు
6.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు :

- మీ పనికి ఎంత సామర్థ్యం గల కంప్యూటర్ అవసరమో నిర్ధారించగలుగుతారు;
- ప్రాసెసర్, మెమరీ, నిల్వ సాధనాల వివరాలను అర్థం చేసుకుని పోల్చగలుగుతారు;
- కొన్న ధరకూ, ఏడాదికి పడే ఖర్చుకూ గల తేడాను లెక్కించగలుగుతారు;
- భారిత స్కోరు పద్ధతిలో రెండు మూడు యంత్రాల మధ్య ఎంపిక చేయగలుగుతారు;
- కొనే ముందు యంత్రాన్ని స్వయంగా పరీక్షించగలుగుతారు.

6.1 ఉపోద్ఘాతం

గత భాగాలలో కంప్యూటర్ నిర్మాణం, దాని భాగాలు చేసే పనుల గురించి తెలుసుకున్నారు. ఆ పరిజ్ఞానం ఆచరణలో పరీక్షకు నిలిచేది మీరు మీ డబ్బుతో ఒక కంప్యూటర్ కొనవలసి వచ్చినప్పుడే. దూరవిద్య ద్వారా చదువుతున్న మీలో చాలామంది ఉద్యోగమో, చిన్న వ్యాపారమో చేసుకుంటూ చదువుతున్నారు. మీ ఇంట్లో కంప్యూటర్ అంటే నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము. పెద్ద కార్యాలయం ఒక యంత్రం విషయంలో పొరబడితే దానిని పక్కన పెట్టి ఇంకొకటి తెప్పించుకుంటుంది. మీకు ఆ వెసులుబాటు ఉండదు. అందుకే తక్కువ ధర కంప్యూటర్ కొనేవారికే ఎక్కువ జాగ్రత్త అవసరం.

'తక్కువ ధర' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఈ రోజు మీ చేతి నుంచి తక్కువ డబ్బు పోవడం. రెండవది, ఆ యంత్రం పనిచేసినన్నాళ్లూ ఏడాదికి తక్కువ ఖర్చు పడడం. ఈ రెండూ ఒకటి కావు. కొన్ని సందర్భాలలో ఒకదానికొకటి వ్యతిరేకం కూడా. ఈ తేడాను అంకెలతో చూపించడమే ఈ భాగం ముఖ్యోద్దేశం.

6.2 అవసరాల నిర్ధారణ

దుకాణానికి వెళ్లి 'మంచి కంప్యూటర్ చూపించండి' అని అడగడం, డాక్టరు దగ్గరకు వెళ్లి 'మంచి మందు ఇవ్వండి' అనడం లాంటిది. ముందు జబ్బేమిటో తెలియాలి. ఒక కాగితం తీసుకుని కింది ప్రశ్నలకు సమాధానాలు రాయండి.

1. రోజూ చేసే పనులు ఏవి? ఎప్పుడో ఒకసారి చేసేవి ఏవి?
2. ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు తెరిచి ఉంచుతారు?
3. తప్పనిసరిగా వాడవలసిన సాఫ్ట్‌వేర్ ఏది? అది విండోస్‌లో మాత్రమే నడుస్తుందా?
4. రోజుకు ఎన్ని గంటలు వాడతారు?
5. యంత్రం ఒక రోజు పనిచేయకపోతే మీకు కలిగే నష్టమెంత?

చివరి ప్రశ్నను చాలామంది వేసుకోరు. పాఠాలు వినడానికి, అసైన్‌మెంట్లు రాయడానికి వాడే విద్యార్థికి ఒక రోజు ఆగితే ఇబ్బంది మాత్రమే. మండల కేంద్రంలో ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్స్, డీటీపీ చేసిపెట్టే కేంద్రానికి దరఖాస్తుల చివరి రోజున యంత్రం ఆగిపోతే ఆ రోజు ఆదాయం పోతుంది, వచ్చినవారు పక్క దుకాణానికి అలవాటు పడతారు. ఈ ఇద్దరికీ ఒకే యంత్రం సరైనది కాకపోవచ్చు. ఈ భాగంలో ఈ ఇద్దరినే ఉదాహరణలుగా తీసుకుందాం.

వారి పనులను చూడండి. వెబ్ బ్రౌజర్, పత్రాలు, పట్టికలు, వీడియో పాఠాలు, ముద్రణ, స్కానింగ్, తెలుగు టైపింగ్. వీటిలో ఏదీ భారీ గణన అవసరమయ్యే పని కాదు. విడి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ సరిపోతుంది. వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైనింగ్ చేసేవారి లెక్క వేరు. వారు ఈ భాగం పరిధిలోకి రారు.

6.3 భాగాల పరిశీలన

6.3.1 ప్రాసెసర్

ప్రాసెసర్ విషయంలో మనల్ని తికమక పెట్టేవి రెండు : పేరు, గిగాహెర్ట్జ్ అంకె. 'ఐ7 అంటే ఐ3 కన్నా గొప్పది' అనేది ఒకే తరానికి చెందిన ప్రాసెసర్ల మధ్య మాత్రమే సాధారణంగా నిజం. 2011లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ7-2600 కనీస వేగం 3.4 గిగాహెర్ట్జ్. 2022లో వచ్చిన కోర్ ఐ3-12100 కనీస వేగం 3.3 గిగాహెర్ట్జ్. రెండింటిలోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉన్నాయి. పేరు చూసినా, అంకె చూసినా పాతదే మెరుగనిపిస్తుంది. కాని వాస్తవంలో కొత్త ఐ3 చాలా వేగవంతమైనది. కారణం, గిగాహెర్ట్జ్ అనేది సెకనుకు ఎన్ని స్పందనలో చెబుతుంది. ఒక్కొక్క స్పందనలో ఎంత పని జరుగుతుందో చెప్పదు. తరం మారినకొద్దీ ఒక స్పందనలో జరిగే పని పెరుగుతూ వచ్చింది.

తరాన్ని ఎలా గుర్తించాలి? ఇంటెల్ కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 2వ తరం నుంచి 14వ తరం వరకు మోడల్ సంఖ్యలోని చివరి మూడు అంకెలను పక్కన పెట్టి, మిగిలినదాన్ని చదవండి. ఐ5-6500 అంటే 6వ తరం. ఐ5-8500 అంటే 8వ తరం. ఐ3-12100 అంటే 12వ తరం. అమ్మకందారు 'ఐ5 సిస్టమ్' అని మాత్రమే చెబితే ఆ సమాచారం సగమే. పూర్తి మోడల్ సంఖ్య చెప్పమని అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే అదే మీకు జవాబు.

ఇటీవల చిన్న పెట్టె ఆకారంలో 'మినీ పీసీ'లు విరివిగా వస్తున్నాయి. వీటిలో తరచుగా కనిపించే ప్రాసెసర్ 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100. దీనిలో 4 కోర్లున్నాయి. దీని విద్యుత్ పరిమితిని తయారీదారు 6 వాట్లుగా పేర్కొంటాడు. గణన సామర్థ్యంలో ఇది 2015 నాటి ఐ5-6500కు సుమారుగా సమానంగా నిలుస్తుంది. ఐ5-6500కు పేర్కొన్న విద్యుత్ పరిమితి 65 వాట్లు. రెండు అంకెలూ నేరుగా పోల్చదగినవి కాకపోయినా, తేడా ఎంత పెద్దదో తెలుస్తూనే ఉంది.

6.3.2 మెమరీ

మెమరీని వంటగదిలో గట్టుతో పోల్చవచ్చు. గట్టు చిన్నదైతే ఒక గిన్నె పెట్టడానికి ఇంకో గిన్నె తీసి అల్మరాలో పెట్టాలి. మెమరీ చాలకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అదే చేస్తుంది : తక్షణం అవసరం లేని దత్తాంశాన్ని నిల్వ సాధనంలోకి నెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. యంత్రం 'నడుస్తూ నడుస్తూ ఆగుతోంది' అనిపించేది ఇక్కడే.

విండోస్ 11కు కనీస అవసరం 4 జీబీ. కనీసం అంటే నడవడానికి చాలినది. పని చేసుకోవడానికి చాలినది కాదు. మనం చెప్పుకున్న పనులకు 8 జీబీ ఉండాలి. బ్రౌజర్‌లో పదిహేను ఇరవై ట్యాబులు తెరిచి ఉంచే కేంద్రానికి 16 జీబీ మంచిది.

ఎంత మెమరీ ఉందన్నదే కాక, అది ఎన్ని పలకలుగా ఉందన్నదీ చూడాలి. డీడీఆర్4-3200 రకం పలక సెకనుకు 3,200 మిలియన్ల బదిలీలు చేస్తుంది. ఒక్కొక్క బదిలీలో 8 బైట్లు. అంటే 3,200 × 8 = 25,600 మెగాబైట్లు, అనగా సెకనుకు 25.6 జీబీ. రెండు ఛానెళ్లలో రెండు పలకలు పెడితే సైద్ధాంతిక గరిష్ఠం 51.2 జీబీకి చేరుతుంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఈ మెమరీనే పంచుకుంటుంది గనుక ఆ విభాగానికి ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. మామూలు కార్యాలయ పనిలో ఈ తేడా తక్కువ. కాబట్టి ఇప్పుడు ఒక 8 జీబీ పలకతో కొని, రెండో స్లాట్ ఖాళీగా ఉంచుకోవడం పొదుపైన పద్ధతి. రెండు 4 జీబీ పలకలతో రెండు స్లాట్లూ నిండిన యంత్రమైతే, రేపు మెమరీ పెంచాలంటే ఉన్నదాన్ని తీసి పారేయాలి.

6.3.3 నిల్వ సాధనం

తక్కువ ధర కంప్యూటర్ వేగాన్ని అన్నింటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఇదే. కారణం ఒక చిన్న లెక్కతో తెలుసుకుందాం.

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌ను తీసుకోండి. సెకనుకు 7,200 ÷ 60 = 120 చుట్లు. ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన దత్తాంశం తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు ఆగాలి. అంతకు ముందు తల సరైన వలయానికి జరగాలి. దానికి సగటున 9 మిల్లీసెకన్లు అనుకుందాం. మొత్తం సుమారు 13.2 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు దాదాపు 76 చోట్ల నుంచి మాత్రమే చదవగలదు.

ఒక ప్రోగ్రామ్ తెరవడానికి డిస్క్‌పై చెల్లాచెదురుగా ఉన్న 3,000 చోట్ల నుంచి చదవాలనుకోండి. 3,000 ÷ 76 = సుమారు 39 సెకన్లు. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం లేదు, కదిలే తల లేదు. ఒక్కొక్క చోటికి 0.1 మిల్లీసెకన్ అనుకున్నా అదే పని 0.3 సెకన్లలో ముగుస్తుంది. ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా ఆ 39 సెకన్లను తగ్గించలేదు; అది డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ తప్పనిసరిగా ఎస్‌ఎస్‌డీపై ఉండాలి. '1 టీబీ హార్డ్ డిస్క్' అని పెద్ద అంకె చూపించే యంత్రం కన్నా '256 జీబీ ఎస్‌ఎస్‌డీ' ఉన్న యంత్రం మీకు మేలు. ఎస్‌ఎస్‌డీలలో సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. ఎన్‌వీఎంఈ రకం దానికి ఎన్నో రెట్లు వెళ్లగలదు. కాని హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించేంత మార్పు, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు మన పనుల్లో కనిపించదు.

మరొక విషయం. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొంటే విండోస్‌లో 238 జీబీ అని చూపుతుంది. దుకాణదారు మోసం చేయలేదు. తయారీదారు 1 జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ 1024 × 1024 × 1024 బైట్లుగా లెక్కిస్తుంది.

6.3.4 మానిటర్

యంత్రం మారినా మానిటర్ మిగులుతుంది. రోజంతా మీ కళ్లు చూసేది దానినే. 18.5 అంగుళాల, 1366 × 768 బిందువుల మానిటర్‌లో అంగుళానికి సుమారు 85 బిందువులుంటాయి. 21.5 అంగుళాల, 1920 × 1080 మానిటర్‌లో సుమారు 102. తెలుగు చదివేవారికి ఈ తేడా ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాలకు చాలిన స్పష్టత మన వత్తులకు, గుడులకు చాలదు. చిన్న పరిమాణంలో 'ష్ట్ర', 'క్ష్మ' వంటివి ముద్దగా కనిపిస్తే డీటీపీ పనిలో అచ్చుతప్పులు పట్టుబడవు. దుకాణంలో మానిటర్ చూసేటప్పుడు రంగుల బొమ్మ కాదు, పన్నెండు పాయింట్లలో ఒక తెలుగు పేజీ తెరిచి చూడండి.

6.3.5 విద్యుత్ సరఫరా, యూపీఎస్, ఎర్త్

ధర తగ్గించడానికి తయారీదారులూ, యంత్రాన్ని కూర్చి ఇచ్చేవారూ ముందుగా కోత పెట్టేది ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర. అది కేబినెట్ లోపల ఉంటుంది, ఎవరూ అడగరు. నాసిరకం ఎస్‌ఎమ్‌పీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోగలదు. పేరున్న తయారీదారుది, వీలైతే 80 ప్లస్ ముద్ర ఉన్నది అడగండి. ఇన్ని వాట్లని పెద్ద అంకె రాసి ఉండడం మాత్రమే నాణ్యతకు గుర్తు కాదు.

600 వీఏ యూపీఎస్‌లు చాలావాటిపై 360 వాట్లు అని కూడా ఉంటుంది. మీరు లెక్కలోకి తీసుకోవలసింది వాట్లనే. మన యంత్రానికి, మానిటర్‌కు ఇది చాలు. యూపీఎస్ ఉన్నది గంటల తరబడి పని సాగించడానికి కాదు. ఫైలు భద్రపరచుకుని యంత్రాన్ని సక్రమంగా ఆపడానికి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు కలపకండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగుతుంది.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని చాలామంది చెబుతారు. యంత్రం పాడైందని దీనికి అర్థం కాదు. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల ద్వారా అతి స్వల్ప విద్యుత్తు కేబినెట్‌కు చేరుతుంది. అది ఎర్త్ ద్వారా పోవాలి. మీ ఇంటి ప్లగ్గులో మూడో రంధ్రం వెనక ఎర్త్ తీగ లేకపోతే అది మీ చేతిని వెతుక్కుంటుంది. కంప్యూటర్ కొనే బడ్జెట్‌లోనే ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ సరిచేయించే ఖర్చును చేర్చండి.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1*

1. నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో తల జరగడానికి సగటున 12 మిల్లీసెకన్లు పడితే, అది సెకనుకు ఎన్ని చోట్ల నుంచి చదవగలదు?
2. 8 జీబీ మెమరీ కావాలి. ఒకే స్లాట్‌లో 8 జీబీ పలక, రెండు స్లాట్లలో రెండు 4 జీబీ పలకలు : వీటిలో భవిష్యత్ విస్తరణకు ఏది అనుకూలం? ఎందుకు?

6.4 సాఫ్ట్‌వేర్ మద్దతు గడువు

యంత్రానికి రెండు ఆయుష్షులున్నాయి. ఒకటి, భాగాలు పనిచేసే కాలం. రెండవది, దానిపై నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌కు భద్రతా నవీకరణలు వచ్చే కాలం. రెండింటిలో ఏది ముందు ముగిస్తే అదే అసలు ఆయుష్షు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా విభాగం, సెక్యూర్ బూట్ సౌకర్యంతోపాటు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ కోర్ విషయంలో, కొద్ది మినహాయింపులతో, అది 8వ తరం నుంచి మొదలవుతుంది.

దీని ప్రభావం పాత యంత్రాల మార్కెట్‌పై పడింది. పెద్ద సంస్థలు వదిలించుకున్న 6వ, 7వ తరం యంత్రాలు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటి భాగాలు దృఢంగానే ఉంటాయి. తక్కువ ధరకు కారణం భాగాలు చెడిపోవడం కాదు. రెండో ఆయుష్షు తీరిపోవడం. కొందరు అమ్మకందారులు మైక్రోసాఫ్ట్ పరీక్షను తప్పించే మార్గంలో విండోస్ 11 ఎక్కించి 'విండోస్ 11 సిస్టమ్' అని అమ్ముతారు. ఈ రోజు అది నడుస్తుంది. కాని ఆ యంత్రానికి నవీకరణలు కొనసాగుతాయన్న హామీ ఉండదు. బ్యాంకు లావాదేవీలు, ఇతరుల ఆధార్ వివరాలు ఉండే యంత్రాన్ని ఇలా నడపడం తగదు.

అయితే ఆ యంత్రాలు వృథా కావు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు వాటిపై చక్కగా నడుస్తాయి, వాటికి నవీకరణలు వస్తాయి. బ్రౌజర్, లిబ్రేఆఫీస్, వీడియో పాఠాలు, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో యూనికోడ్ తెలుగు టైపింగ్ అన్నీ అందులో చేసుకోవచ్చు. ఇబ్బంది వచ్చేది విండోస్‌పై ఆధారపడిన పనుల దగ్గర. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసే డీటీపీ, కొన్ని డిజిటల్ సంతకపు టోకెన్లు, కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర పరికరాలు ఈ కోవలోవి. 6.2లో మూడో ప్రశ్న ఎందుకు వేసుకోమన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మీ ఎంపిక మొత్తం దాని సమాధానం మీద తిరుగుతుంది.

6.5 ఏడాది ఖర్చు లెక్క

మూడు యంత్రాలను పోల్చుదాం. కింది ధరలు, వాట్లు, ఆయుష్షు, మరమ్మతు ఖర్చు అభ్యాసం కోసం ఊహించినవి. మీరు కొనే రోజున మీ ఊరి ధరలతో ఇదే లెక్క మళ్లీ చేయాలి. మానిటర్, యూపీఎస్ మూడింటికీ సమానం గనుక పోలికలో చేర్చలేదు.

- యంత్రం 'క' : వాడిన ఐ5-6500, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధర ₹11,000.
- యంత్రం 'చ' : కొత్త ఎన్100 మినీ పీసీ, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. ధర ₹16,000.
- యంత్రం 'ట' : కొత్త ఐ3-12100, 8 జీబీ, 512 జీబీ ఎన్‌వీఎంఈ. ధర ₹27,000.

వాడకం రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు; ఏడాదికి 2,400 గంటలు. యూనిట్ ₹8 అనుకుందాం. 'క' సగటున 50 వాట్లు తీసుకుంటే ఏడాదికి 50 × 2,400 ÷ 1,000 = 120 యూనిట్లు, ₹960.

| వివరం | క | చ | ట |
|---|---|---|---|
| కొన్న ధర (₹) | 11,000 | 16,000 | 27,000 |
| సగటు వాట్లు | 50 | 15 | 35 |
| ఏడాది విద్యుత్తు (₹) | 960 | 288 | 672 |
| ఆయుష్షు (ఏళ్లు) | 3 | 5 | 6 |
| మొత్తం విద్యుత్తు (₹) | 2,880 | 1,440 | 4,032 |
| మరమ్మతులు (₹) | 3,000 | 1,500 | 2,500 |
| మొత్తం (₹) | 16,880 | 18,940 | 33,532 |
| ఏడాదికి (₹) | 5,627 | 3,788 | 5,589 |

అన్నింటికన్నా చవకగా కనిపించిన 'క' ఏడాది ఖర్చులో అన్నింటికన్నా ఖరీదైనది. 'ట' దాని కన్నా రెండున్నర రెట్ల ధర పలికినా ఏడాది ఖర్చు దాదాపు సమానం.

ఇక్కడితో ఆగకూడదు. ఏ ఊహ మారితే ఫలితం తారుమారవుతుందో పరీక్షించాలి. 'క'కు మూడేళ్ల ఆయుష్షు వేసింది విండోస్ మీద నడపాలన్న షరతు వల్ల. లినక్స్ వేసుకుని అయిదేళ్లు వాడగలిగితే? విద్యుత్తు ₹4,800, మొత్తం ₹18,800, ఏడాదికి ₹3,760. ఇప్పుడు 'క', 'చ' సమానమయ్యాయి. యంత్రం మారలేదు. వాడేవాడి అవసరం మారింది.

*మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2*

3. ధర ₹20,000, మరమ్మతులు ₹2,000, సగటు 40 వాట్లు, ఆయుష్షు 4 ఏళ్లు అయితే పై వాడకం, పై యూనిట్ ధర ప్రకారం ఏడాది ఖర్చు ఎంత?

6.6 భారిత స్కోరు పద్ధతి

ఖర్చు ఒక్కటే ప్రమాణం కాదు. వేగం, మరమ్మతు సౌలభ్యం, సాఫ్ట్‌వేర్ మద్దతు కూడా ఉన్నాయి. ఒక్కొక్క ప్రమాణానికి 100లో కొంత భారం ఇచ్చి, ఒక్కొక్క యంత్రానికి 10కి మార్కులు వేసి, రెండింటినీ గుణించి కూడి 100తో భాగిస్తే భారిత స్కోరు వస్తుంది. గణాంకశాస్త్రంలో మీరు చదివిన భారిత సగటే ఇది.

ముందుగా విండోస్ వాడకం దృష్ట్యా మార్కులు వేద్దాం. 'చ'కు మరమ్మతులో తక్కువ మార్కులు వేయడానికి కారణం, చాలా మినీ పీసీలలో మెమరీ స్లాట్ ఒక్కటే ఉంటుంది, ప్రాసెసర్ బోర్డుకే అతికి ఉంటుంది. 'క' వంటి సంస్థల యంత్రాలలో ఎస్‌ఎమ్‌పీఎస్, మదర్‌బోర్డు తరచుగా ఆ తయారీదారు సొంత ఆకృతిలో ఉంటాయి. బజారులోని సాధారణ భాగం అమరకపోవచ్చు.

| ప్రమాణం | కార్యాలయ భారం | విద్యార్థి భారం | క | చ | ట |
|---|---|---|---|---|---|
| సాఫ్ట్‌వేర్ మద్దతు | 30 | 30 | 3 | 8 | 9 |
| వేగం | 25 | 10 | 5 | 5 | 9 |
| మరమ్మతు, విస్తరణ | 20 | 10 | 6 | 4 | 9 |
| ఏడాది ఖర్చు | 25 | 50 | 5 | 9 | 5 |
| కార్యాలయ స్కోరు | | | 4.6 | 6.7 | 8.0 |
| విద్యార్థి స్కోరు | | | 4.5 | 7.8 | 7.0 |

డీటీపీ కేంద్రానికి 'ట', విద్యార్థికి 'చ' తగినవని పట్టిక చెబుతోంది. మార్కులు అవే, భారాలు మారితే విజేత మారింది. విద్యార్థి లినక్స్‌కు సిద్ధపడితే 'క'కు సాఫ్ట్‌వేర్ మద్దతులో 7, ఖర్చులో 9 వేయవచ్చు. అప్పుడు దాని స్కోరు 7.7. 'చ' స్కోరు 7.8. ఇంత చిన్న తేడా మీద నిర్ణయం తీసుకోకూడదు. మనం వేసిన మార్కులే అంత కచ్చితమైనవి కావు. అటువంటప్పుడు చేతిలో ఎంత డబ్బుంది, పాడైతే బాగుచేసేవారు మీ ఊళ్లో ఉన్నారా అన్నవి చూసి నిర్ణయించాలి. ₹5,000 మిగలడం ఒక సెమిస్టర్ ఫీజుకు ఆసరా అయితే 'క'ను ఎంచుకోవడం తెలివితక్కువ పని కాదు.

ఒక హెచ్చరిక. భారాలను దుకాణానికి వెళ్లకముందే రాసుకోవాలి. యంత్రం చూసి ముచ్చటపడిన తరువాత భారాలు వేస్తే, మనకు నచ్చినదే గెలిచేలా వేస్తాం. కొనుగోలు కమిటీలలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను : నిర్ణయం ముందు జరిగి పట్టిక తరువాత తయారైన సందర్భాలు తక్కువేమీ కాదు.

6.7 దుకాణంలో చేయవలసిన పరీక్షలు

సికింద్రాబాద్‌లో సీటీసీగా పేరుపడ్డ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి గనుక, ఒకే వివరాలు రాసిన కాగితంతో మూడు చోట్ల ధర అడగడం సులువు. మీ జిల్లా కేంద్రంలోనైనా కనీసం రెండు చోట్ల అడగండి. తరువాత :

1. యంత్రాన్ని పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేసి, బ్రౌజర్ తెరుచుకునే వరకు సమయం చూడండి.
2. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ప్రాసెసర్ పూర్తి పేరు, మెమరీ పరిమాణం, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయి, డిస్క్ ఏ రకం అన్నవి అక్కడే కనిపిస్తాయి. బిల్లులో రాసినదానితో సరిపోల్చండి.
3. సెట్టింగ్స్‌లో విండోస్ యాక్టివేట్ అయిందో లేదో చూడండి. పైరేటెడ్ కాపీని ఉచిత బహుమతిగా స్వీకరించకండి.
4. మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రామ్ నడిపితే విండోస్ 11కు అర్హత ఉందో లేదో తెలుస్తుంది.
5. వాడిన యంత్రమైతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాధనంతో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం, అది నడిచిన గంటలు చూడండి. మూత తీయించి ఉబ్బిన కెపాసిటర్లు, పేరుకున్న దుమ్ము ఉన్నాయేమో గమనించండి.
6. ప్లగ్గు తీసి కొంతసేపు ఆగి మళ్లీ పెట్టండి. తేదీ వెనక్కి పోతే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. ఖరీదు స్వల్పమే, కాని తేదీ తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు.
7. యూఎస్‌బీ పోర్టులన్నింటిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. వీలైతే మీ ప్రింటర్ తీసుకెళ్లండి.
8. ఒక వీడియో పదిహేను నిమిషాలు నడిపి ఫ్యాన్ చప్పుడు, వేడి గమనించండి.

జీఎస్‌టీ బిల్లు తప్పనిసరిగా తీసుకోండి. అందులో మోడల్, క్రమసంఖ్య, వారంటీ కాలం రాయించండి. వారంటీ ఇచ్చేది తయారీదారా, దుకాణదారా అన్నది స్పష్టంగా తెలుసుకోండి. బిల్లు లేకుండా తగ్గించిన సొమ్ము, వారంటీ అవసరమైన రోజున ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కొత్త మానిటర్, అడాప్టర్ వంటివాటిపై బీఐఎస్ నమోదు ముద్ర, ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉండాలి. వివాదం వస్తే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మీకు రక్షణ. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సంఖ్య 1915.

పాత యంత్రాన్ని చెత్తలో పారవేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని రీసైక్లింగ్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. ఇచ్చేముందు డిస్క్‌లోని దత్తాంశాన్ని పూర్తిగా చెరిపివేయడం మీ బాధ్యత.

6.8 సారాంశం

తక్కువ ధర కంప్యూటర్‌ను మూల్యాంకనం చేయడం అవసరాల నిర్ధారణతో మొదలవుతుంది. ప్రాసెసర్‌ను పేరుతో, గిగాహెర్ట్జ్‌తో కాక తరంతో అంచనా వేయాలి. 8 జీబీ మెమరీ, ఎస్‌ఎస్‌డీ కనీస అవసరాలు. భాగాలు బాగున్నా సాఫ్ట్‌వేర్ మద్దతు ముగిస్తే యంత్రం ఆయుష్షు ముగిసినట్లే. విండోస్ తప్పనిసరి కానివారికి మాత్రం పాత యంత్రం ఇంకా పనికొస్తుంది. కొన్న ధరను కాక ఏడాది ఖర్చును పోల్చాలి. భారిత స్కోరులో భారాలను ముందే నిర్ణయించుకోవాలి. చివరగా, కాగితం మీది వివరాలను దుకాణంలో యంత్రం మీద సరిచూసుకోవాలి.

6.9 కీలక పదాలు

తరం : ఒకే నిర్మాణ దశకు చెందిన ప్రాసెసర్ల శ్రేణి.
ఎస్‌ఎస్‌డీ : కదిలే భాగాలు లేని నిల్వ సాధనం.
టీపీఎం : రహస్య తాళాలను భద్రపరిచే విభాగం.
మద్దతు గడువు : భద్రతా నవీకరణలు ఆగిపోయే తేదీ.
ఏడాది ఖర్చు : ధర, విద్యుత్తు, మరమ్మతుల మొత్తాన్ని ఆయుష్షుతో భాగించగా వచ్చేది.
భారిత స్కోరు : ప్రమాణాల ప్రాధాన్యాన్ని బట్టి లెక్కించిన మొత్తం మార్కు.

6.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు

1. సెకనుకు 90 చుట్లు, చుట్టుకు 11.11, అర చుట్టుకు 5.56 మిల్లీసెకన్లు. 12తో కలిపి 17.56 మిల్లీసెకన్లు. సెకనుకు సుమారు 57 చోట్లు.
2. ఒకే 8 జీబీ పలక. రెండో స్లాట్ ఖాళీగా ఉండడం వల్ల ఉన్నదాన్ని తీయకుండానే మెమరీ పెంచవచ్చు.
3. ఏడాదికి 96 యూనిట్లు, ₹768, నాలుగేళ్లకు ₹3,072. మొత్తం ₹25,072. ఏడాదికి ₹6,268.

6.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొన్న ధరకూ, ఏడాది ఖర్చుకూ గల తేడాను ఉదాహరణతో వివరించండి.
2. భారిత స్కోరు పద్ధతిని వివరించి, దాని పరిమితులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హార్డ్ డిస్క్ కన్నా ఎస్‌ఎస్‌డీ వేగంగా పనిచేయడానికి కారణమేమి?
2. సాఫ్ట్‌వేర్ మద్దతు గడువు పాత యంత్రాల ఎంపికను ఎలా ప్రభావితం చేస్తుంది?
3. మీ ఇంట్లో గాని, మీరు పనిచేసే చోట గాని ఉన్న ఒక కంప్యూటర్‌ను 6.7లోని పరీక్షల ప్రకారం పరిశీలించి, మీరు గమనించిన అంశాలను రాయండి.